జాఫర్ సాహెబ్ కాలువ వెంబడి

నెల్లూరు వాసులకు సముద్రం అంటే మైపాడు. సెలవు దొరికితే చాలు, మైపాడు గేటు దాటి తూర్పు దారి పట్టి, పాతిక కిలోమీటర్ల లోపే అలల ముందు నిలుస్తారు. మేమూ ఎన్నోమార్లు అలాగే వెళ్లాము. ఆ దారిలో ఇందుకూరుపేట అనే మండల కేంద్రం ఉన్నదని మాకు తెలుసు. అయితే అక్కడ బండి వేగం తగ్గించాలన్నంత వరకే మా పరిచయం. ఆ ఊళ్లో ఏనాడూ దిగలేదు, ఒక్క గుక్క మంచినీళ్లు తాగలేదు.

ఏటా మా ఇంటికి బియ్యం ఇచ్చే రైతు పెద్దాయన ఒకరు ఆ మండలంలోనే, సముద్రం వైపు పొలాల్లో ఉంటారు. మొన్న బస్తాలు దించుతూ మా పిల్లలను పిలిచి, "ఈ బియ్యం యాడ పండాయో ఎప్పుడన్నా చూశారా?" అని అడిగారు. పిల్లలు లేదన్నారు. ఆయన మా వైపు చూశారు. మేమూ లేదనవలసి వచ్చింది. పదేళ్లుగా తింటున్న అన్నం ఏ నేలలో పండిందో, ఏ నీటితో పండిందో మాకు తెలియదు.

భూమిలో సంచరించి పరిశీలించమని దివ్యఖుర్ఆన్ పదేపదే ప్రబోధిస్తుంది. ఆ ప్రబోధం దూరదేశాలకు పోయేవారికి మాత్రమే వర్తిస్తుందని మేము అనుకుంటూ వచ్చాము కాబోలు. జనవరి నెలాఖరులో ఒక ఆదివారం, ఫజ్ర్ నమాజు ముగించి, కుళాయి గొట్టానికి బిగించిన మోటారు వేసి మిద్దె మీది తొట్టి నింపుకుని, పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని బయలుదేరాము.

నేరుగా రావద్దని పెద్దాయన ముందే చెప్పి ఉన్నారు. "కాలవ మొదలయ్యే కాడ నుంచి రాండి, నాయనా. అప్పుడే మా ఊరు మీకు అర్థమవుద్ది." అందుకని తూర్పుకు పోవలసిన వాళ్లం, ముందుగా పెన్న ఒడ్డుకు వెళ్లాము.

నది దగ్గర

పెన్న కర్ణాటకలోని నంది కొండల ప్రాంతంలో పుట్టి, సీమ జిల్లాల గుండా సుమారు 600 కిలోమీటర్లు ప్రవహించి, నెల్లూరు జిల్లాలో ఊటుకూరు వద్ద బంగాళాఖాతంలో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే కనిపించే నది ఇది. వచ్చిన నాడు ఒడ్లు తెంచుకుని వస్తుంది, రాని నాడు కంటికే కనబడదు. ఇటువంటి నదిని నమ్ముకుని వరి పండించాలంటే, వచ్చిన నీటిని ఆపుకోవడం, ఆపుకున్న నీటిని పంచుకోవడం రెండూ తెలిసి ఉండాలి.

ఆపుకునే పని పంతొమ్మిదో శతాబ్దంలోనే మొదలైంది. 1850ల మధ్యలో నెల్లూరు దగ్గర, 1880లలో ఎగువన సంగం దగ్గర ఆనకట్టలు కట్టారు. దక్షిణపు ఒడ్డున నెల్లూరు డెల్టా, ఉత్తరపు ఒడ్డున కోవూరు డెల్టా వీటి నీటితోనే పచ్చబడ్డాయి. ఆ పాత ఆనకట్టల స్థానంలో కట్టిన కొత్త బ్యారేజీలు రెండింటినీ 2022 సెప్టెంబరు 6న ప్రారంభించారు. ఇంకా ఎగువన, 78 టీఎంసీలు పట్టే సోమశిల జలాశయం ఉంది. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, అనగా సుమారు 2,830 కోట్ల లీటర్లు. ఒక టీఎంసీ నీటితో పదివేల ఎకరాల వరి పండుతుందన్నది ఇక్కడ తరచుగా వినిపించే మోటు లెక్క.

సోమశిల నీటి కోసం ఎదురుచూసేది ఈ జిల్లా రైతులు మాత్రమే కాదు. తెలుగుగంగ పథకం కింద ఏటా 15 టీఎంసీల కృష్ణా జలాలు చెన్నై నగరానికి కేటాయించాలన్నది ఒప్పందం. శ్రీశైలం నుంచి బయలుదేరే ఆ నీరు సోమశిల, కండలేరు జలాశయాల మీదుగానే పోవాలి. మనం ఒక కాలువకు చివర అనుకున్న చోటు మరొకరికి నడిమి దారి.

బ్యారేజీ మీద గాలికి నిలబడి మేము పిల్లలకు కాలువలను చూపించాము. ఈ ఆనకట్ట నీటితో పారే కాలువలలో ఒకదాని పేరు జాఫర్ సాహెబ్ కాలువ. నెల్లూరు సీమ 1801 వరకు ఆర్కాటు నవాబుల ఏలుబడిలో ఉండేది. ఆ ఏడాది కుదిరిన ఒప్పందంతో ఈస్టిండియా కంపెనీ చేతికి పోయింది. రాజ్యాలు మారాయి, ఆనకట్టలు మారాయి, కొలతలు మారాయి. కాలువ పేరులో మాత్రం ఒక సాయెబు మిగిలారు. ఏ కులం వారైనా, ఏ మతం వారైనా, "జాఫర్ సాహెబ్‌కు నీళ్లొచ్చాయా?" అని అడిగే ప్రతి రైతూ తనకు తెలియకుండానే ఆయనను తలచుకుంటున్నాడు. చనిపోయిన తరువాత పేరు నిలవడానికి సమాధి మీద రాయి కంటే పొలానికి పారే నీరు మేలు అనిపించింది.

పట్టణం దాటేంత వరకు మాత్రం కాలువను చూసి సంతోషించలేకపోయాము. ఇళ్ల వెనుక గోడల మధ్య, ప్లాస్టిక్ సంచులు మోసుకుంటూ పోతున్నది. ఆ సంచుల్లో మా వీధివీ ఉండి ఉంటాయి. వాటిని ఎవరు తీస్తారని మా చిన్నది అడిగింది. కింద ఊరివాళ్లని చెప్పాము. అంతకు మించి చెప్పడానికి మా దగ్గర ఏమీ లేదు.

పల్లెపాడు

కాలువను కొంతసేపు విడిచి, నది పక్కనే తూర్పుగా సాగి పల్లెపాడు చేరాము. ఇది ఇందుకూరుపేట మండలంలోని గ్రామం. పినాకినీ సత్యాగ్రహాశ్రమం ఉన్నది ఇక్కడే. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ దీనిని ప్రారంభించారు. అంతకు వారం ముందే బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సమావేశం జరిగింది. ఖిలాఫత్, సహాయ నిరాకరణ ఉద్యమాలు చేయి చేయి కలిపి నడుస్తున్న రోజులవి. ఆశ్రమ నిర్మాణానికి ధనసహాయం చేసినవారు పార్సీ రుస్తుంజీ, దక్షిణాఫ్రికాలో గాంధీజీకి తోడు నిలిచిన వర్తకులు. ఒక హిందువు ప్రారంభించగా, ఒక పార్సీ సొమ్ముతో లేచిన ఆశ్రమానికి వచ్చే దారిలో మేము ఒక ముస్లిం పేరుగల కాలువను దాటి వచ్చాము. ఇదంతా ఒకే నది ఒడ్డున, పదిహేను ఇరవై కిలోమీటర్ల లోపు సంగతి.

ఆశ్రమం చెట్ల నీడన కూర్చుని చూస్తే నది ఎంతో నెమ్మదిగా ఉంది. 2021 నవంబరులో ఇదే నది ఇలా లేదు. ఆ నెల 19న ఎగువన చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. కుండపోత వానలతో అప్పటికే పోటెత్తిన పెన్న, నెల్లూరు జిల్లాలో ఊళ్లను ముంచింది. కోవూరు వైపు జాతీయ రహదారి తెగింది, పడుగుపాడు వద్ద రైలు కట్ట కొట్టుకుపోయింది. ఎగువ వాళ్లు నీరు ఆపుకుంటే దిగువన పంట ఎండుతుంది. ఎగువ కట్టను కనిపెట్టుకోకపోతే దిగువన ఇల్లు మునుగుతుంది. రెండు విధాలా దిగువ వాడి బతుకు పైవాడి చేతిలోనే ఉంది.

పేటలో మధ్యాహ్నం

ఇందుకూరుపేట చేరేసరికి పొద్దు నడినెత్తికి వస్తున్నది. దారికి రెండు వైపులా చూపు ఆనినంత దూరం చదునైన పచ్చదనం. కొండ లేదు, గుట్ట లేదు, ఎత్తైనదేదైనా కనిపిస్తే అది తాటిచెట్టో, మస్జిద్ మినారో, గుడి గోపురమో, బియ్యం మిల్లు గొట్టమో. కెనడా గోధుమ మైదానాల్లో ధాన్యపు గిడ్డంగులు మైళ్ల దూరం నుంచి కనిపించి ఇక్కడొక ఊరుందని తెలుపుతాయని చదివాము. ఇక్కడ ఆ పని మిల్లు గొట్టాలు చేస్తున్నాయి.

నెల్లూరు వారు వరి మడిని "కయ్య" అంటారు. ధాన్యాన్ని పుట్లలో కొలుస్తారు. ఇక్కడి పుట్టి అంటే 850 కిలోలు. మిల్లు దగ్గర బేరమైనా, పెళ్లి మాటల్లో ఆస్తి లెక్కైనా పుట్లలోనే. ఒకప్పుడు నెల్లూరు మొలగొలుకుల బియ్యానికి దేశమంతటా పేరుండేది. 1937లో నెల్లూరులో స్థాపించిన వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి తరువాతి కాలంలో కొత్త వంగడాలెన్నో వచ్చాయి. "నెల్లూరు మసూరి" అని పిలిచే ఎన్.ఎల్.ఆర్. 34449 వాటిలో ఒకటి. ఊరి పేరుకే వరి మూలమని చాలామంది చెబుతారు. తమిళంలో "నెల్" అంటే వడ్లు.

చూడదగిన వింతలేవీ ఈ ఊళ్లో లేవు. ఉన్నవన్నీ కావలసినవే. మండల కార్యాలయాలు, బడులు, ఆసుపత్రి, బ్యాంకు, ఎరువుల దుకాణాలు, ట్రాక్టరు బాగుచేసే షెడ్డు, విత్తనాల అంగడి ముందు నీలిరంగు డ్రమ్ములు. టీ కొట్టు దగ్గర నలుగురు రైతులు నిలబడి ఎమ్మార్వో గురించి కాదు, సినిమా గురించి కాదు, "వంతు" గురించి మాట్లాడుకుంటున్నారు. ఏ కాలువకు ఎన్ని రోజులు నీరు, ఎన్ని రోజులు ఆపు అన్నదే వంతు. వానాకాలం పంట పెద్దదిగా ఉండే జిల్లాలు వేరు, నెల్లూరు వేరు. ఈశాన్య రుతుపవనాలు తెచ్చే అక్టోబరు, నవంబరు వానలతో ఇక్కడ పెద్ద పంట మొదలవుతుంది. నీరు మిగిలితే వేసవిలో "ఎడగారు" వేస్తారు. ఎంత నీరు ఎవరికి అన్నది ఏటా నీటిపారుదల సలహా మండలి సమావేశంలో తేలుతుంది. ఆ కబురు కోసం ఇక్కడ జనం పరీక్షా ఫలితాల కోసం ఎదురుచూసినట్లు చూస్తారు.

జుహ్ర్ వేళ మస్జిద్‌కు వెళ్లాము. వుజూ చేసే చోట కుళాయిలు సన్నగా పారుతున్నాయి. పాడయ్యాయేమో అనుకున్నాము. పక్కనున్న కుర్రవాడు నవ్వి, "కావాలనే తిప్పి పెట్టాం భాయ్, వేసవిలో బోరు ఉప్పెక్కుద్ది" అన్నాడు. దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) ఒక ముద్ నీటితో, అంటే ముప్పావు లీటరుకు మించని నీటితో వుజూ పూర్తి చేసేవారని సహీహ్ హదీసుల్లో ఉంది. ఆ హదీసును మేము పలుమార్లు విన్నాము. దానిని ఆచరించడానికి ఊరి బోరే నేర్పవలసి వచ్చింది.

చివరి కయ్య

పెద్దాయన ఇంట్లో చేపల పులుసు, వేడి అన్నం సిద్ధంగా ఉన్నాయి. ఆయన భార్య పిల్లలకు ముళ్లు తీసి పెడుతూ, "ఇవి మన కయ్యల బియ్యమే, బిడ్డా" అన్నారు. మా ఇంట్లో తినే అన్నమే అది. అయినా అక్కడ పిల్లలు రెండోసారి అడిగి పెట్టించుకున్నారు.

భోజనం కాగానే పొలానికి నడిచాము. ఆయనకు సొంతంగా రెండెకరాలు, కౌలుకు మరికొంత. అన్నీ పిల్లకాలువకు చిట్టచివర. గట్టు మీద నడుస్తుంటే ఎగువ కయ్యల్లో నీరు తళతళలాడుతున్నది. దిగువకు వచ్చేకొద్దీ మెరుపు తగ్గి, ఆయన పొలానికి చేరేసరికి బురద తేమ మాత్రం మిగిలింది. పైరు ఇంకా పచ్చగానే ఉంది గానీ ఆకు కొసలు చుట్టుకుంటున్నాయి.

"రేపు మా వంతు. పైవాళ్లు కట్ట తీస్తే రేత్రికే వచ్చుద్ది" అన్నారు.

"తీయకపోతే?" అని మా పెద్దవాడు అడిగాడు.

"లస్కరు వస్తాడు. ఆయనొక్కడు, తూములు పదహారు. మనిషి లోపల ఇంకో లస్కరు ఉండాల, నాయనా."

ఇక్కడ మాకు హజ్రత్ జుబైర్ (రజి) సంఘటన గుర్తుకు వచ్చింది. పిల్లలను గట్టు మీద కూర్చోబెట్టి చెప్పాము. మదీనా శివారులోని నల్లరాళ్ల నేల మీదుగా పారే కాలువ నీటి విషయంలో ఆయనకూ ఒక అన్సారీ పొరుగువారికీ తగవు వచ్చింది. జుబైర్ తోట ఎగువన ఉంది. నీరు ఆపకుండా వదలాలని పొరుగువారి వాదన. తగవు దైవప్రవక్త (సఅసం) ముందుకు వచ్చింది. తోట తడుపుకుని పొరుగువానికి వదలమని ఆయన జుబైర్‌కు చెప్పారు. ఇద్దరికీ మేలు కలిగించే సర్దుబాటు అది. అయితే పొరుగువారు కోపగించి, జుబైర్ మీ మేనత్త కొడుకు గనుకనే ఇలా తీర్పు ఇచ్చారని నిందించారు. దైవప్రవక్త (సఅసం) ముఖవర్ణం మారింది. అప్పుడు ఆయన జుబైర్‌కు పూర్తి హక్కు ఇచ్చి, నీరు పాదుల గట్టు అంటేదాకా నిలుపుకుని తరువాతే వదలమన్నారు. నిసా సూరాలోని 65వ వాక్యం ఈ సందర్భంలోనే అవతరించిందని తాను భావిస్తానని హజ్రత్ జుబైర్ (రజి) చెప్పేవారు.

మదీనాలోని మహ్‌జూర్, ముజైనిబ్ అనే వాగుల విషయంలో దైవప్రవక్త (సఅసం) ఇచ్చిన తీర్పు మరొకటి ఉంది. ఎగువ పొలం వాడు చీలమండల లోతు వరకు నీరు నిలుపుకోవాలి, ఆపైన దిగువ వాడికి వదలాలి. ఎగువ వాడి హక్కును ఈ తీర్పు తుడిచివేయలేదు. దానికి ఒక కొలత పెట్టింది. కొలబద్దలు లేని కాలంలో, చదువు రాని రైతు కూడా తన కాలినే చూసి తెలుసుకోగల కొలత అది.

పెద్దాయన ఈ మాట విని, పంచె పైకి పట్టుకుని పై కయ్యలోకి దిగారు. నీరు ఆయన పిక్కల్లో సగం దాకా వచ్చింది. ఆ కయ్య ఎవరిదో ఆయన చెప్పలేదు. తిట్టలేదు. "వాడి నారు లేతగుంది, భయం" అని మాత్రం అన్నారు. దిగువన ఉండి కూడా ఎగువ వాడి భయాన్ని అర్థం చేసుకోగల మనసు మాలో ఎంతమందికి ఉన్నదో!

ఉప్పు

తూర్పుగా నాలుగు కయ్యల అవతల పచ్చదనం తెగిపోయింది. అక్కడి నుంచి నల్లటి కట్టల మధ్య చతురస్రాలుగా రొయ్యల గుంటలు, వాటిలో గిరగిర తిరుగుతూ నీటిని చిలికే చక్రాలు. నెల్లూరు తీరంలో 1990ల మొదట్లో టైగర్ రొయ్య విజృంభించింది. ఆ దశాబ్దం మధ్యలో తెల్లమచ్చ తెగులు వచ్చి ఎందరినో అప్పుల్లో ముంచింది. 2009 తరువాత వనామి రకం రావడంతో గుంటలు మళ్లీ పెరిగాయి. వీటిని చెడ్డవిగా మాత్రమే చూపడం న్యాయం కాదు. చాలా ఇళ్లకు మిద్దెలు, చాలామంది పిల్లలకు కాలేజీ చదువులు ఈ గుంటలే ఇచ్చాయి. రొయ్యల సాగు హలాలైన జీవనోపాధి. ప్రశ్న అది కాదు, దాని ఉప్పునీరు ఎవరి నేలలోకి పోతుందన్నది.

తీరంలో భూగర్భ జలం తీరు తెలిస్తే ఆ ప్రశ్న బరువు తెలుస్తుంది. మంచినీరు ఉప్పునీటికంటే తేలిక గనుక దానిపై తేలి ఉంటుంది. సముద్రమట్టానికి పైన ఒక అడుగు ఎత్తున మంచినీరు నిలిస్తే, ఆ మట్టానికి దిగువన సుమారు 40 అడుగుల లోతు దాకా ఉప్పునీరు రాకుండా అదే ఆపుతుంది. పైన ఒక అడుగు తోడేస్తే అడుగున 40 అడుగులు ఉప్పు ఎగదన్నుతుంది. కాలువ నీరు కయ్యల్లో ఇంకినంతకాలం ఈ తూకం నిలుస్తుంది. కాలువ చివరిదాకా పారకపోతే రైతు బోరు మీద పడతాడు. బోరు లాగినకొద్దీ ఉప్పు పైకి వస్తుంది. పక్కన గుంట ఉంటే అది మరింత త్వరగా వస్తుంది. తీపినీటికీ ఉప్పునీటికీ మధ్య అల్లాహ్ ఒక తెరను ఉంచాడని ఫుర్ఖాన్ సూరా 53వ వాక్యం తెలుపుతుంది. ఆ వాక్యం చదివినప్పుడల్లా మాకు నడిసముద్రమే మనసులో మెదిలేది. ఇటువంటి తెర ఒకటి మా కాళ్ల కిందనే, ఈ గట్టు కిందనే ఉంది.

1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు రొయ్యల చెరువులపై ఇచ్చిన తీర్పులో, తీర నియంత్రణ మండలంలో కొత్త చెరువులను నిషేధించడంతో పాటు, సాగుభూములను రొయ్యల చెరువులుగా మార్చకూడదని చెప్పింది. తరువాత 2005లో తీరప్రాంత ఆక్వాసాగు ప్రాధికార సంస్థ చట్టం వచ్చింది. చట్టం కాగితం మీద ఒక గీత గీస్తుంది. ఇక్కడ నాలుగు కయ్యల దూరంలో ఆ గీత ఎటు జరుగుతుందన్నది పెద్దాయన వంటి వారి నిర్ణయం మీద ఆధారపడి ఉంది.

ఆ నిర్ణయం కోసమే ఆయనను ఇప్పుడు అడుగుతున్నారు. కౌలు పొలం యజమాని గుంటలకు ఇస్తానంటున్నాడట. రెండెకరాల సొంత పొలాన్ని కూడా కలిపి ఇస్తే, వరిలో రెండు పంటలకు వచ్చేదానికంటే ఎక్కువ కౌలు ఇంట్లో కూర్చుని తీసుకోవచ్చు. ఇద్దరు కొడుకులూ ఇచ్చేయమనే అంటున్నారు. ఆకు కొసలు చుట్టుకుంటున్న పైరును చూస్తే వారి మాట తప్పనలేము.

"ఇస్తే నాకేం లోటు లేదు, నాయనా. నా పొలానికి పడమట ఒక మొగుడు లేని మనిషికి ముప్పావు ఎకరం ఉంది. ఆమె బోరుకు ఉప్పొస్తే ఆమె యాడికి పోద్ది? ఇప్పుడు నేను కాలవకు చివర. రేపు ఉప్పుకు నేను మొదలు."

తాను నష్టపోకూడదు, ఇతరులకు నష్టం కలిగించకూడదు అన్నది ఇస్లామీ ధర్మశాస్త్రానికి పునాది సూత్రాలలో ఒకటి. దానిని పుస్తకంలో చదివినవారు చాలామంది ఉన్నారు. ఎకరాకు వచ్చే కౌలును వదులుకుని ఆచరించేవారిని మేము చూడడం అదే మొదలు. ఆయన ఎంతకాలం నిలబడగలరో చెప్పలేము. అది ఆయన ఈమాన్‌కు మాత్రమే పరీక్ష కాదు. ఎగువ కయ్యల వారు నీరు వదిలితేనే ఆయన నిలబడతారు.

ఉష్ర్ లెక్క

గట్టు మీదనే ఆయన మా పిల్లల చేత ఒక లెక్క చేయించారు. ఎకరాకు మూడున్నర పుట్లు పండితే రెండెకరాలకు ఎంత? ఏడు పుట్లు, అంటే 5,950 కిలోలు. ఐదు వసఖ్‌లు, అంటే ఇంచుమించు 650 కిలోలు దాటిన పంటపై ఉష్ర్ చెల్లించాలని ఎక్కువమంది ధర్మవేత్తల అభిప్రాయం. ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) దృష్టిలో ఆ పరిమితి కూడా లేదు. వానతో, సహజంగా పారే నీటితో పండితే పదో వంతు, శ్రమపడి తోడిన నీటితో పండితే ఇరవయ్యో వంతు.

"కాలవతోనే పంట గట్టెక్కిన ఏడు 595 కిలోలు ఇస్తా. మోటారుతో తోడిన ఏడు దాంట్లో సగం. ఎప్పుడూ 595 ఇవ్వాలనే అల్లాహ్‌ను అడుక్కుంటా" అన్నారు నవ్వుతూ.

ఎక్కువ జకాత్ ఇచ్చే భాగ్యం కోసం దుఆ చేసే మనిషి మాకు అంతవరకు తారసపడలేదు. ఆయన అడుగుతున్నదేమిటో కాసేపటికి గాని మాకు స్ఫురించలేదు. కాలువ చివరిదాకా పారాలనే ఆయన అడుగుతున్నారు. ఎగువన ఉన్నవారందరి మనసుల కోసం ఆయన ప్రార్థిస్తున్నారు.

మైపాడు

అసర్ తరువాత ఆయన వద్ద సెలవు తీసుకుని తూర్పుకు సాగాము. తీరానికి కొంచెం ఇవతల బకింగ్‌హామ్ కాలువ నిశ్చలంగా కనిపించింది. పందొమ్మిదో శతాబ్దంలో మద్రాసు నుంచి ఉత్తరానికి పడవల మీద ఉప్పు, బియ్యం, కట్టెలు మోసిన జలమార్గం ఇది. 1876-78 నాటి ఘోరమైన కరువులో, తిండి లేని జనం కూలికి తవ్విన భాగం కూడా ఇందులో ఉంది. అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరు దీనికి నిలిచింది. ఒక కాలువకు గవర్నరు పేరు, ఒక కాలువకు సాయెబు పేరు. తవ్విన కూలీల పేర్లు మాత్రం అల్లాహ్ దగ్గరే భద్రం.

మైపాడులో ఎప్పటిలాగే జనం ఉన్నారు. పిల్లలు అలల్లోకి పరుగెత్తారు. మేము ఒడ్డున నిలబడ్డాము. ఎన్నోమార్లు చూసిన సముద్రమే. ఈసారి అది మాకు దారి చివరి వినోదంగా కనిపించలేదు. వెనుక ఉన్న కయ్యల కిందికి ఓపికగా చొచ్చుకుపోవడానికి చూస్తున్న ఉప్పుగా కనిపించింది. నంది కొండల దగ్గర మొదలై, జలాశయాలు, బ్యారేజీలు, తూములు, లస్కర్లు, చీలమండల లోతులు దాటి చివరికి చేరిన పలచని తీపినీటి పొర ఒక్కటే దానిని ఆపుతున్నది.

పొద్దు వాలింది. ఇసుక మీదనే వరుస కట్టి మగ్రిబ్ నమాజు చేశాము. పడవలు ఒడ్డుకు లాగుతున్న మత్స్యకారులు మా ముందు నుంచి పోకుండా చుట్టూ తిరిగి పోయారు.

ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిది దాటింది. దారిలో పిల్లలు నిద్రపోయారనుకున్నాము. మా వీధి మలుపు తిరగగానే వెనుక సీటులో నుంచి పెద్దవాడు అడిగాడు: "మన వీధిలో చివరి ఇల్లు ఎవరిది?"

అది రెండు గదుల అద్దె ఇల్లు. అందులో ఉండే కుటుంబం ఉదయం పూట బిందెలతో మా గేటు ముందుకు వస్తుంది. వారి కుళాయికి నీరు ఎక్కదు. ఎందుకు ఎక్కదో మాకు తెలుసు. వీధి గొట్టానికి మోటారు బిగించిన ఇళ్లలో మాది మొదటిది. మమ్మల్ని చూసి మరో ముగ్గురు బిగించుకున్నారు. బిందెలతో వచ్చినప్పుడు మేము లేదనకుండా నింపి పంపేవాళ్లం. దానిని దానమని అనుకునేవాళ్లం కూడా. వారి నీటినే లాగి, వారికే పోసి, పుణ్యం లెక్క రాసుకున్నాము.

మర్నాడు ఫజ్ర్ తరువాత మోటారు విప్పి అటక మీద పెట్టాము. తొట్టి సగమే నిండింది. మిగతా ముగ్గురితో మాట్లాడాము. ఒకరు విప్పారు, ఇద్దరు చూద్దామన్నారు. చివరి ఇంట్లో కుళాయి ఆ రోజు సన్నగా, ఇరవై నిమిషాలు పారిందని ఆ ఇంటామె చెప్పారు. ఆమె ఆ మాట చెప్పడానికి వచ్చినప్పుడు చేతిలో బిందె లేదు.